లూపస్ ఉన్న చెల్లికి లివర్‌కి కూడా ఆటోఇమ్యూన్ జబ్బు అంటున్నారు, బయాప్సీ చేయించాలా?

తమ్ముడూ, వయసులో పెద్దదాన్ని కాబట్టి అలాగే పిలుస్తున్నా, ఏమీ అనుకోకండి. మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ఇది. చెల్లికి 26 ఏళ్లు, మూడేళ్లుగా లూపస్ (ఒంట్లోని ఇమ్యూనిటీ సొంత అవయవాల మీదే తిరగబడే జబ్బు), దానికి హెచ్‌సీక్యూఎస్ (హైడ్రాక్సీక్లోరోక్విన్) మాత్ర వేసుకుంటోంది. నెల రోజులుగా నీరసం, అన్నం సహించట్లేదు, పోయిన వారం కళ్లు పచ్చబడితే టెస్టులు చేయించారు, ఎస్‌జీపీటీ (లివర్ ఎంజైమ్) 640, బిలిరుబిన్ (కామెర్ల పసుపు) 4.8. హెపటైటిస్ ఎ, బి, సి, ఇ అన్నీ నెగెటివ్. లివర్ డాక్టర్ ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (ఇమ్యూనిటీ లివర్ మీద పడి వచ్చే వాపు) కావచ్చు, బయాప్సీ (సూదితో లివర్ ముక్క తీసి చూడటం) చేద్దాం అన్నారు. అత్తగారి వైపు వాళ్లేమో ఆ మందుల వల్లే ఇదంతా, అన్నీ ఆపేసి పసరు పోయిద్దాం అంటున్నారు. లూపస్సే లివర్‌కి పాకిందా లేక వేరే జబ్బా, బయాప్సీ తప్పదా, రేపు పిల్లలు పుడతారా అని మీరు అడుగుతున్నారు.

వాటికంటే ముందు ఒక్క విషయం. మీరు రాసిన అంకెల్లో పీటీ ఐఎన్ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతోందో చూసే టెస్టు) లేదు. ఎస్‌జీపీటీ 640 అని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడుతున్నారు కానీ, లివర్ ఇంకా పని చేస్తోందా లేదా అన్నది చెప్పేది ఆ ఐఎన్ఆరే. ఎస్‌జీపీటీ కణాలు ఎంత చిట్లుతున్నాయో చెబుతుంది, అంతే. ఐఎన్ఆర్ 1.5 దాటినా, అమ్మాయి పగలంతా మగతగా పడుకుంటున్నా, మాట తడబడుతున్నా, విరేచనం తారులా నల్లగా అవుతున్నా ఇది చదవడం ఆపేసి ఆ రాత్రికే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఆ టెస్టుకి తీసే రక్తం నీలం మూత ట్యూబులో గీత దాకా నిండాలి, సగమే పోస్తే ఐఎన్ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. తీసేటప్పుడు పక్కన నిలబడి చూడండి, తప్పేం లేదు.

ఇదంతా నాకెలా తెలుసంటే, నేను కాకినాడలో 22 ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. డాక్టర్‌ని కాదు. 2009 నుంచి లూపస్ ఉంది, 2014లో లివర్ సంగతి తేలింది. రెండూ ఉన్నదాన్ని, రెండింటి రిపోర్టులూ పుట్టేచోట కూర్చునేదాన్ని. మందులు మార్చేది మాత్రం మీ డాక్టర్లే, నేను చెప్పేది ఎందుకు చేస్తున్నారో అర్థం కావడానికి.

2014 జనవరిలో నాకూ ఇలాగే ఎస్‌జీపీటీ 180 వచ్చింది. ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తే, స్టిరాయిడ్ వాడావు కదా, ఫ్యాటీ లివరే, నూనె తగ్గించు, నడువు అన్నారు. ఎనిమిది నెలలు నడిచాను తమ్ముడూ, పొద్దున్నే మా వీధి నాలుగు చుట్లు. సెప్టెంబర్‌లో ఒకరోజు డ్యూటీలో బాగా నీరసంగా ఉంటే, నా రక్తం నేనే తీయించుకుని, మిగతా ట్యూబులతో పాటు సెంట్రిఫ్యూజ్‌లో వేశాను. మామూలు మనిషి సీరం పల్చటి గడ్డి రంగులో ఉంటుంది. మూత తీసి చూస్తే నా ట్యూబులోది ఆవనూనెలా ఉంది. పక్కనున్న కుర్రాడు, మేడమ్, ఈ పేషెంట్‌కి బాగా కామెర్లండీ అన్నాడు. స్టిక్కర్ మీద పేరు చూడలేదు వాడు.

అప్పుడు చేసిన ఐజీజీ (రక్తంలోని ఒక రకం యాంటీబాడీ ప్రోటీన్) 3100 వచ్చింది, మా ల్యాబులో పై హద్దు 1600. ఫ్యాటీ లివర్‌కి ఐజీజీ అలా రెట్టింపు కాదు. ఆ ఒక్క టెస్టు జనవరిలో రాసి ఉంటే ఎనిమిది నెలలు కలిసొచ్చేవి. అందుకే అడుగుతున్నా, మీ చెల్లికి ఐజీజీ చేశారా?

సరే, ఒకటే జబ్బా రెండు జబ్బులా అన్న మీ మొదటి ప్రశ్న. ఇంట్లో వాళ్లకే కాదు, ఒకప్పుడు డాక్టర్లకీ ఇదే తికమక. 1950లో స్వీడన్‌కి చెందిన వాల్డెన్‌స్ట్రోమ్ అనే ఆయన, వయసులో ఉన్న ఆడవాళ్లకి ఇలా లివర్ చెడిపోతూ రక్తంలో గామా గ్లోబులిన్లు (ఐజీజీ వీటిలోదే) బాగా పెరగడం గమనించి రాశారు. కొన్నేళ్లకి ఆ తరహా పేషెంట్లలో కొందరి రక్తంలో, లూపస్ గుర్తుగా అనుకునే ఎల్ఈ కణాలు కనబడ్డాయి. దాంతో 1956లో మెల్‌బోర్న్‌లో ఇయాన్ మకే బృందం దీనికి లూపాయిడ్ హెపటైటిస్ అని పేరు పెట్టింది. లూపస్ లాంటి హెపటైటిస్ అని. ఆ పేరు దశాబ్దాల పాటు ఉండిపోయింది. తర్వాత తేలిందేమిటంటే అది లూపస్ కాదు, విడిగా ఒక జబ్బు, చాలామంది పేషెంట్లకి లూపస్ అసలు ఉండనే ఉండదు. ఇప్పుడు ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అంటారు. పాత పేరు ఇంకా ఇంటర్నెట్‌లో తిరుగుతూనే ఉంది, మీరు చదివిన "లూపస్ లివర్" కబుర్లు చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే.

లూపస్ వల్ల కూడా నేరుగా లివర్ వాస్తుంది, లూపస్ హెపటైటిస్ అని దానికి వేరే పేరు. అది సాధారణంగా తేలిగ్గా వచ్చి, లూపస్ తగ్గితే తనూ తగ్గిపోతుంది, సిరోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడటం) దాకా వెళ్లడం చాలా అరుదు. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అలా కాదు, వదిలేస్తే మచ్చలు కట్టుకుంటూ సిరోసిస్‌కే పోతుంది. పెద్దవాళ్లలో జబ్బు బయటపడేసరికే సుమారు మూడోవంతు మందికి సిరోసిస్ ఉంటోంది. మొదటిదానికి లూపస్‌ని అదుపులో పెడితే సరిపోతుంది, రెండోదానికి ఏళ్ల తరబడి లివర్ కోసమే మందు నడవాలి. పేరు తేల్చుకోవడం అందుకే.

మరి రక్తం టెస్టులతోనే తేలదా అంటే, ఈ రెండు జబ్బులూ ఒకే ఒంట్లో ఉన్నప్పుడు రిపోర్టులో ప్రతి అంకెకీ ఇద్దరు యజమానులు ఉంటారు తమ్ముడూ. ఇది నాకు అర్థం కావడానికి నాలుగేళ్లు పట్టింది. ఏఎన్ఏ (సొంత కణాల కేంద్రకం మీద పడే యాంటీబాడీ) పాజిటివ్, రెండింటిలోనూ వస్తుంది (ఆ మాటకొస్తే 1:40 లాంటి తక్కువ స్థాయిలో ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా ముగ్గురు నలుగురిలో ఒకరికి వస్తుంది). కీళ్ల నొప్పులు రెండింటిలోనూ ఉంటాయి. డీఎస్ డీఎన్ఏ యాంటీబాడీ లూపస్‌దే అంటారు కానీ ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో కూడా కొందరికి కనబడుతుంది. సీ3, సీ4 (కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లు) తగ్గితే లూపస్ రేగిందని లూపస్ చూసే రుమటాలజిస్ట్ అంటారు, నిజమే, కానీ ఆ కాంప్లిమెంట్‌ని తయారుచేసేదే లివర్. లివర్ బాగా దెబ్బతింటే లూపస్ నిద్రపోతున్నా సీ3 తగ్గుతుంది.

ప్లేట్‌లెట్లు తగ్గాయనుకోండి. లూపస్‌లో ఒళ్లే వాటిని నాశనం చేసుకోవడం వల్ల కావచ్చు, సిరోసిస్ వల్ల స్ప్లీన్ పెరిగి అక్కడ పోగుపడటం వల్ల కావచ్చు. మొదటిదైతే స్టిరాయిడ్ పెంచుతారు, రెండోదైతే ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బాయేమో చూస్తారు. కాళ్లు వాచి ఆల్బుమిన్ తగ్గిందనుకోండి, కిడ్నీ నుంచి ప్రోటీన్ పోతోందా, లివర్ తయారు చెయ్యట్లేదా? నాకు 2017లో ఇదే జరిగింది. లివర్ చెడిందని రెండు వారాలు ఏడ్చాను, చివరికి యూరిన్ ప్రోటీన్ క్రియాటినిన్ రేషియో చేస్తే 2.4. అది లూపస్ నెఫ్రైటిస్, అంటే లూపస్ వల్ల కిడ్నీ వాపు, లివర్ నిక్షేపంలా ఉంది. పాతిక ముప్పై ఎంఎల్ మూత్రం చెప్పేసిన సంగతి అది.

ఇంకో తమాషా చెబుతాను, మా వృత్తిలోది. యాంటీ ఎస్ఎమ్ అని ఒక టెస్టు ఉంది, స్మిత్ యాంటీబాడీ, లూపస్‌కి ప్రత్యేకం. యాంటీ ఎస్ఎమ్ఏ అని ఇంకోటి, స్మూత్ మజిల్ యాంటీబాడీ, ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో చూసేది. పేరులో ఒక్క అక్షరం తేడా. చీటీ మీద ఒకటి రాస్తే కౌంటర్‌లో ఇంకోటి బిల్లు కొట్టడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. మీ చెల్లి రిపోర్టు తీసి చూడండి, "స్మూత్ మజిల్" అని పూర్తిగా రాసి ఉందా? లేకపోతే లివర్ డాక్టర్ అడిగిన టెస్టు ఇంకా జరగనట్టే.

ఇలా ఎవరికి వాళ్లు లాక్కునే అంకెల మధ్య చివరి మాట చెప్పేది బయాప్సీ. లివర్ గదుల అంచుల్లో కణాలు కొరికేసినట్టు ఉండటం, దాన్ని ఇంటర్‌ఫేస్ హెపటైటిస్ అంటారు, అక్కడ ప్లాస్మా కణాలు గుంపు కట్టడం, ఇవి కనబడితే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ వైపు మొగ్గుతుంది. 2008లో వచ్చిన సులువు స్కోరులో యాంటీబాడీలు, ఐజీజీ, వైరస్ లేకపోవడం, బయాప్సీ అని నాలుగింటికి మార్కులుంటాయి, 6 వస్తే కావచ్చు, 7 గానీ అంతకు పైన గానీ వస్తే ఖాయం. లూపస్ ఉన్న మనిషికి ఏఎన్ఏతో రెండు మార్కులు ఊరికే వచ్చేస్తాయి, కొందరికి ఐజీజీ కూడా పెరిగే ఉంటుంది. అంటే మన విషయంలో మిగతావాళ్ల కంటే బయాప్సీకి ఇంకా ఎక్కువ విలువ. మందులు కొన్ని వారాలు పడ్డాక చేస్తే ఆ గుర్తులు చెరిగిపోవచ్చు, కాబట్టి చేసేదేదో స్టిరాయిడ్ మొదలుపెట్టకముందే చేయించడం మేలు. అమ్మాయి పరిస్థితి బాగా దిగజారితే మాత్రం దానికోసం మందు ఆపి కూర్చోరు, అది డాక్టర్ ఇష్టానికి వదిలేయండి.

నొప్పి గురించి చెల్లి భయపడుతుంటే ఇది చదివి వినిపించండి. వెల్లకిలా పడుకోబెట్టి కుడిచేయి తల కిందకి పెట్టమన్నారు. పక్కటెముకల మధ్య అల్ట్రాసౌండ్ జెల్ చల్లగా తగిలింది, తర్వాత మత్తు ఇంజెక్షన్, అది మాత్రం చీమ కుట్టినంత కాదు, కందిరీగ కుట్టినంత. ఊపిరి వదిలి బిగపట్టమ్మా అన్నారు, స్టేప్లర్ కొట్టినట్టు టక్‌మని చప్పుడు, అయిపోయింది. సీసాలో చూపించారు, గోధుమరంగు దారప్పోగు ముక్కలా ఉంది, అంతే. నొప్పి తర్వాత కుడి భుజంలో వచ్చింది, పొడిచింది పక్కలో అయితే భుజం ఎందుకు లాగుతోందని కంగారుపడ్డాను, అది మామూలేనట. కొన్ని గంటలు కదలకుండా పడుకోబెట్టి బీపీ చూస్తూ ఉన్నారు. ఐఎన్ఆర్ ఎక్కువున్నా, ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నా పక్క నుంచి కాకుండా మెడలోని రక్తనాళం ద్వారా తీస్తారు.

అల్ట్రాసౌండ్‌తో పాటు డాప్లర్ (రక్తం పారడం చూసే స్కాన్) కూడా చేయించమని అడగండి. లూపస్ ఉన్నవాళ్లలో కొందరికి రక్తం గడ్డకట్టే యాంటీబాడీలు ఉంటాయి, లివర్ రక్తనాళాల్లో గడ్డకడితే ఇలాగే కామెర్లతో బయటపడవచ్చు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఇంకో లివర్ ఎంజైమ్) ఎక్కువై ఒళ్లంతా దురద ఉంటే అది పిత్తనాళాల వైపు జబ్బు కావచ్చు, మీరు రాసిన లక్షణాల్లో దురద లేదు కాబట్టి దాన్ని వదిలేస్తున్నా.

ఇప్పుడు పసరు సంగతి. మా అమ్మ కూడా నాకు కామెర్లని తెలియగానే మా ఊరి నుంచి మనిషిని పిలిపించింది, ఉప్పు నూనె లేని పథ్యం, మూడు రోజులు ఆకు పసరు, చేతి మీద వాత. మన దగ్గర అది తగ్గించినట్టు ఎందుకు కనబడుతుందంటే, ఊళ్లలో కామెర్లు ఎక్కువగా నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ. అవి నెలా రెండు నెలల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. మీ చెల్లిది ఆ కామెర్లు కావు, వైరస్ నెగెటివ్ అని రిపోర్టే చెప్పింది. చెల్లి లాంటి ఆటోఇమ్యూన్ పేషెంట్లకి ఇంకో ప్రమాదం ఉంది. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ పెరుగుతుందని ఇంటింటా తిప్పతీగ కషాయం తాగారు కదా, 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ తాగాక లివర్ దెబ్బతిన్న ఆరుగురి కేసులు ప్రచురించారు, తర్వాత దేశంలోని చాలా ఆసుపత్రులు కలిసి 43 మంది వివరాలతో ఇంకోటి రాశాయి. అందులో చాలావరకు అచ్చం ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లా కనబడింది. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, తిప్పతీగ మంచిదేనంది, ఆ వాదన వాళ్లది. నా లెక్క వేరు. మన ఇమ్యూనిటీ తక్కువై జబ్బు రాలేదు, దారి తప్పి మన మీదే పడటం వల్ల వచ్చింది. దాన్ని ఇంకా రెచ్చగొట్టే కషాయం మనకెందుకు? చెల్లి గత ఆరునెలల్లో తిప్పతీగ, అశ్వగంధ, పసుపు క్యాప్సూల్స్ (కూరలో వేసే పసుపు కాదు), ఏవైనా వాడిందేమో మెల్లగా అడగండి, తిట్టకుండా అడగండి, లేకపోతే చెప్పదు. కీళ్ల నొప్పులకి మెడికల్ షాపులో కొనుక్కునే డైక్లోఫినాక్, మొటిమలకి మినోసైక్లిన్, యూరిన్ మంటకి నైట్రోఫ్యురాంటోయిన్, ఇవి కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన జాబితాలోవే, ఇలాంటి హెపటైటిస్‌ని తెప్పించే పేరు వీటికి ఉంది.

హెచ్‌సీక్యూఎస్ మాత్రం సొంతంగా ఆపకండి. అది లివర్‌ని దెబ్బతీయడం చాలా అరుదు, ఆపితే లూపస్ రేగడం మాత్రం అరుదు కాదు. రోజుకి శరీర బరువులో కిలోకి 5 మిల్లీగ్రాములు మించకుండా, కంటి పరీక్ష చేయించుకుంటూ వాడుకోవాలి.

ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అని తేలితే ప్రెడ్నిసోలోన్‌తో మొదలుపెడతారు, మన వైపు అందరూ వైసోలోన్ అని పిలిచేదే, రోజుకి 30 నుంచి 60 మిల్లీగ్రాముల దాకా బరువును బట్టి. కొన్ని వారాల్లో మెల్లగా తగ్గిస్తారు. సుమారు రెండు వారాల తర్వాత అజాథయోప్రిన్ (ఇమ్యూనిటీని అణిచే మందు) కలుపుతారు. వైసోలోన్ పొద్దున టిఫిన్ తిన్నాకే వెయ్యాలి, రాత్రి వేస్తే నిద్ర పట్టదు. మొహం ఉబ్బుతుంది, ఆకలి వేస్తుంది, చిరాకు వస్తుంది, ఇంట్లో అందరికీ ముందే చెప్పి పెట్టండి, నేను ఆ మొదటి నెలలో పప్పులో ఉప్పు తక్కువైందని కంచం నెట్టేశాను, మా ఆయన ఇప్పటికీ గుర్తుచేస్తారు. షుగర్ చూసుకోవాలి, క్యాల్షియం, విటమిన్ డి అడగాలి. ఒక్కసారిగా మానేయకూడదు, ఎందుకంటే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టిరాయిడ్ ఆగిపోయి ఉంటుంది. మొదలుపెట్టే ముందే టీబీ కోసం ఒక ఎక్స్‌రే, హెపటైటిస్ బి కోసం హెచ్‌బీఎస్ఏజీ ఒక్కటే కాకుండా యాంటీ హెచ్‌బీసీ కూడా చేయించండి, పాతది దాక్కుని ఉంటే ఈ మందులతో లేస్తుంది.

అజాథయోప్రిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన దేశంలో కొంతమందికి నడ్‌టీ15 అనే జన్యువులో మార్పు ఉంటుంది, వాళ్లకి మామూలు డోసుకే తెల్లకణాలు దారుణంగా పడిపోతాయి. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా చూసే టీపీఎంటీ టెస్టు మన దగ్గర నార్మల్ వచ్చినా ఇది ఉండవచ్చు. మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడొస్తే లూపస్ వల్లే అనుకుని ఊరుకోవద్దు, అదే రోజు సీబీపీ (రక్తకణాల లెక్క) చేయించండి. మా ల్యాబుకి అలా వచ్చిన ఒక అమ్మాయికి తెల్లకణాలు 900 ఉన్నాయి. మొదటి రెండు నెలలు వారానికో పది రోజులకో సీబీపీ తప్పనిసరి అనుకోండి. యూరిక్ యాసిడ్‌కి వాడే అల్లోపురినాల్, ఫెబుక్సోస్టాట్ దీంతో కలిపితే చాలా ప్రమాదం, ఇంట్లో మామగారి మాత్రలు పొరపాటున కూడా ఇవ్వకండి.

జీవితాంతమా అంటే, చాలామందికి దాదాపు అంతే. ఎస్‌జీపీటీ, ఐజీజీ రెండూ కనీసం రెండేళ్లు నార్మల్‌గా ఉన్నాక ఆపే ఆలోచన చేస్తారు, ఆపినవాళ్లలో సగానికి పైగా మందికి తిరగబెడుతుంది. నేనైతే ఆపలేదు. అజాథయోప్రిన్ 50, వైసోలోన్ 5, హెచ్‌సీక్యూఎస్, పదేళ్లు దాటింది. అదే అజాథయోప్రిన్ లూపస్‌కీ పనికొస్తోంది కాబట్టి ఒక మాత్రతో రెండు జబ్బులకి సరిపెడుతున్నాను.

పిల్లల మాట. పుడతారు, కానీ లూపస్ కనీసం ఆరు నెలలు, లివర్ జబ్బు కనీసం ఏడాది నెమ్మదించాక. హెచ్‌సీక్యూఎస్, అజాథయోప్రిన్ గర్భంలో కొనసాగిస్తారు. ఇమ్యూనిటీని అణిచే ఇంకో మందు మైకోఫినోలేట్ మీద ఉంటే గర్భానికి చాలా ముందే మార్చాలి, అది బిడ్డకి అంగవైకల్యం తెస్తుంది, మెథోట్రెక్సేట్ కూడా అంతే. యాంటీ రో అనే యాంటీబాడీ టెస్టు ముందే చేయించండి, పాజిటివ్ అయితే నూటికి ఒకరిద్దరు బిడ్డలకి గుండె లయ దెబ్బతినే అవకాశం ఉంటుంది, కాబట్టి కడుపులో ఉండగానే స్కాన్లతో గమనిస్తారు. ఈ సంగతి అత్తగారికి ఇప్పుడే చెప్పక్కర్లేదు, ఒక్కోసారి ఒక్కోటి చాలు. ఆవిడకి చెప్పాల్సిందల్లా మజ్జిగన్నంతో పథ్యం పెట్టి పిల్లని మాడ్చొద్దని. పప్పు, గుడ్డు, చేప అన్నీ తినొచ్చు, కాళ్లవాపు ఉంటే ఆవకాయ పక్కన పెట్టాలి.

రుమటాలజిస్ట్, లివర్ డాక్టర్ ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో ఉంటే మంచిది, హైదరాబాద్ నిమ్స్ లాంటి చోట రెండు విభాగాలూ ఉన్నాయి. వేర్వేరు చోట్ల అయితే ఒక రెండువందల పేజీల నోట్‌బుక్ కొనండి. తేదీ, ఎస్‌జీపీటీ, బిలిరుబిన్, ఐఎన్ఆర్, ఆల్బుమిన్, ఐజీజీ, ప్లేట్‌లెట్లు, సీ3, సీ4, యూరిన్ ప్రోటీన్, ఆ రోజు స్టిరాయిడ్ డోసు, అన్నీ ఒకే వరసలో రాయండి. ఒకరు రాసింది ఇంకొకరికి కనబడాలి. ఇద్దరు యజమానులున్న అంకెని చూసి ఒక్కరే తీర్పు చెప్పేస్తే ఏమవుతుందో ఆ ఎనిమిది నెలల్లో నేను చూశాను. నాది ఇప్పుడు మూడో నోట్‌బుక్ నడుస్తోంది.

రేపు పొద్దున ఐఎన్ఆర్, ఐజీజీ ఇచ్చిరండి, ఖాళీ కడుపుతో వెళ్లనక్కర్లేదు. అంకెలు రాగానే చెప్పండి, ఈ వారం నాకు సాయంత్రం డ్యూటీ, తొమ్మిది దాటాక చూస్తాను.